పదకొండు బండ్లకు ఒక్క పెట్టె

బండి కింద నిలబడి తలెత్తి చూడటం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా, వారానికి ఆరు రోజులు, భుజాల లోతు సిమెంటు గుంతలోకి దిగి, చేతిలో లైటు పట్టుకుని, జనం పైనుంచి తుడిచి మురిసిపోయే బండ్లను ఆమె అడుగునుంచి చూస్తోంది. పైన అద్దంలాంటి రంగు. కింద బురద, తుప్పు, కారే నూనె, తీగతో కట్టి నెట్టుకొస్తున్న గొట్టాలు. మనుషుల మీద ఆమెకున్న అభిప్రాయంలో చాలా భాగం ఆ గుంతలోనే ఏర్పడింది.

ఆ పరీక్షా కేంద్రానికి వచ్చేవాళ్లందరూ ఆమెను పొగక్క అనేవారు. ఎదురుగా మర్యాదకు మేడమ్ అన్నా, గేటు దాటగానే పొగక్కే. ఆమెకు ఆ పేరు తెలుసు, దానిమీద కోపం లేదు. ఇరవై మూడో ఏట ఆ పనిలో చేరినప్పుడు, గుంతలోకి ఆడమనిషి దిగడమేమిటని బండి తాళాలివ్వకుండా వెనక్కి తిరిగిపోయినవాళ్లను చూసిన మనిషికి ఒక ముద్దుపేరు లెక్కలోది కాదు.

చట్టం అడిగేది రెండు పనులు. మొదటిది, బండి వెనక గొట్టంలో యంత్రపు మొన దూర్చి, ఇంజను నడిపించి, విషవాయువు ఎంత వస్తున్నదో అచ్చు తీయడం. రెండోది, బండి అడుగుకు దిగి, పొగను శుద్ధి చేసే పెట్టె ఉండవలసిన చోట ఉన్నదో లేదో కళ్లతో చూడటం. మెకానిక్కులు క్యాట్ అని పిలిచే ఆ ఉక్కు పెట్టె ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి సన్నని గూళ్లు, గూళ్లకు అరుదైన లోహాల పూత. ఇంజను కక్కే విషం ఆ గూళ్లలోంచి పోతూ చాలావరకు విరిగిపోతుంది. అది తీసేస్తే బండి ఆగదు, ఇంకాస్త హుషారుగానే పోతుంది. ఆ హుషారు వెనక నడిచేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

చాలా కేంద్రాల్లో రెండో పనిని కుర్చీలో కూర్చునే పూర్తి చేస్తారు. ఈమె దిగుతుంది. దిగడమే కాదు, పెట్టె మీద గుద్దిన సంఖ్యను చదివి, రిజిస్టరు అంచున, గడి కూడా లేని ఖాళీలో, చిన్న అంకెల్లో రాసుకుంటుంది. ఎవరూ రాయమనలేదు. సర్టిఫికెట్టు చివర ఒక వాక్యం ఉంటుంది: "ఈ వాహనాన్ని నేను స్వయంగా పరిశీలించాను, శుద్ధి పరికరం యథాస్థానంలో ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను." దాని కింద ఆమె సంతకం, ఆమె లైసెన్సు నంబరు. లైసెన్సు కేంద్రానిది కాదు, ఆమెది. పరీక్ష రాసి, ఆమె పేరు మీద తెచ్చుకున్నది. "స్వయంగా" అన్న మాట మీద సంతకం పెట్టేటప్పుడు స్వయంగా చూసినదానికి ఏదో ఒక గుర్తు మిగలాలని ఆమె పట్టుదల.

కేంద్రానికి ఎదురుగా పెట్రోలు బంకు. ఆదివారం పొద్దున్నే అక్కడ పదకొండు బండ్లు వరుసగా చేరతాయి. పదకొండూ ఒకటే మోడలు: రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు. కంపెనీ దాన్ని తయారు చేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ పదకొండు మందికీ అదొక క్లబ్బు, అదొక కులం, అదొక మతం. ఆదివారం ఒంటిపూట డ్యూటీ చేయడానికి వచ్చి షట్టరు ఎత్తే పొగక్కకు వాళ్ల మాటలు రోడ్డుకు ఇవతలికి కూడా వినబడేవి. చెవిటివాళ్లకైనా వినబడతాయి. ఇంజన్ల హోరు మీద మాట్లాడి మాట్లాడి వాళ్ల గొంతులన్నీ పెద్దవైపోయాయి.

"తొంభై అయిదు ఆక్టేన్‌కు తక్కువ పెట్రోలు నా బండికి తాగించను బాబూ! మొన్న మా ఆవిడ వెళ్లి మామూలు పెట్రోలు కొట్టించుకొచ్చింది. రెండ్రోజులు మాట్లాడలేకపోయాను."

"ఆవిడతోనా?"

"బండితో! ఆవిడతో ఎప్పుడు మాట్లాడాను గనక?"

ఆ మాటన్నవాడిని అందరూ పురాణం అంటారు. పెట్రోలు గురించి మొదలుపెడితే ఆపడు. చెరకు నుంచి తీసిన స్పిరిట్ కలిపిన పెట్రోలు పైపుల రబ్బరును ఎలా తినేస్తుందో, ఆ కలిపినవాళ్లు ఏ పాపాన పోతారో గంటసేపు చెప్పగలడు.

"ఇప్పటి బండ్లు బండ్లా?" అంటాడు ఫ్యాక్టరీ బాబాయ్. కార్ల కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. "అడుగుభాగం ఒక్కటే చేస్తారు. దానిమీద ఆరు రకాల మూతులు అతికిస్తారు. ఆరు బండ్లని అమ్ముతారు. కంపెనీల్లో బండి తెలిసినవాడు ఒక్కడు లేడు, అంతా లెక్కలోళ్లే."

"మరి కరెంటు బండ్లో బాబాయ్?"

"అది బండా? మిక్సీ."

నవ్వు. ఆ నవ్వు ఆగకముందే ఒకడు యాక్సిలరేటరు తొక్కి వదిలాడు. వెనక గొట్టంలోంచి టపటపమని పేలుళ్లు, చివర నాలుకంత నీలిమంట. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు సంగీతమని చెవులు రిక్కించేది ఏమిటంటే, కాలకుండానే గొట్టంలోకి తోసేసిన పెట్రోలు అక్కడ భగ్గుమనడం. బంకు పక్క సందులో బట్టలుతికే షాపువాళ్లు ఆదివారం పొద్దున ఆరేసిన దుప్పట్లను మళ్లీ నీళ్లలో వేసుకుంటారు. ఇంజనులోకి ఏం పోవాలన్న దానిమీద ఆ పదకొండు మంది రెండు గంటలు వాదించుకున్నారు. ఇంజనులోంచి ఏం వస్తున్నదన్న దానిమీద ఒక్క మాట లేదు. పొగక్క ముక్కుకు చేయి అడ్డం పెట్టుకుంది.

ఆ గుంపు మధ్యలో, అందరూ డాక్టర్ డాక్టర్ అంటూ భుజం తడుతున్న మనిషి ఆమె తమ్ముడు. రెండు వీధుల అవతల వర్క్‌షాపు పెట్టుకుని, ఆ పదకొండు బండ్లకూ ప్రాణం పోసేది అతనే.

"అక్కా! టీ తాగుతావా?" అని రోడ్డు ఇవతలికి కేకేశాడు.

"నువ్వు తాగు. నాకు నీ బండి పొగతోనే కడుపు నిండింది."

గుంపంతా మళ్లీ నవ్వింది. ఆమె హాస్యానికి అనలేదు.

*

తమ్ముడి చేతిపని అంటే ఆమెకు గర్వమే. అమ్మ పోయాక అతణ్ని ఒంటిచేత్తో పెంచింది ఆమె. బళ్లో పాఠం ఒంటబట్టని పిల్లవాడు, విరిగిన ఇనుప కుర్చీ కాలును అతికించి తెచ్చిన రోజున, ఆ అతుకు మీద వేలు పెట్టి రాస్తే వేలికి తగల్లేదు. మర్నాడే తీసుకెళ్లి వెల్డింగు నేర్పే చోట చేర్పించింది. ఇప్పటికీ అతను బిగించిన బోల్టును వందలో గుర్తుపడుతుంది. బిగింపు పూర్తయిందనడానికి ఆనవాలుగా బోల్టు తలమీద పసుపు రంగు గీత గీస్తాడు. అందరూ గీస్తారు. అతని గీత మాత్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం ఆ క్లబ్బు బండి ఒకటి పరీక్షకు వచ్చింది. యంత్రం పాసన్నది. ఆమె గుంతలోకి దిగి లైటు పైకెత్తింది. బండి అడుగంతా తొమ్మిదేళ్ల మడ్డి. ఆ మడ్డి మధ్యలో శుద్ధి పెట్టె ఒక్కటి, వెండి గిన్నెలా, తళతళ మెరుస్తోంది. వెల్డింగు మచ్చలు కూడా తోమి, మైనం పట్టించి, ముఖం చూసుకునేంత నునుపు చేశారు.

ప్రపంచంలో ఏ దొంగా దొంగసొత్తును తోమి మెరిపించడు. బురద పూసి దాస్తాడు. కానీ ఈ మనుషులు దొంగలకంటే ముందు బండి ప్రేమికులు. చేతిలోకి వచ్చిన ఇనప ముక్క ఏదైనా మురికిగా ఉంటే వాళ్ల చేతులు ఊరుకోవు. ఆ మెరుపును ఆమె ముందూ చూసింది. మొదటిసారి ముచ్చటపడింది. ఆ తర్వాత ప్రతిసారీ వీళ్లకు వేరే పనిలేదనుకుంది. ఈసారి బోల్టుల మీద వెంట్రుకంత పసుపు గీత చూసింది. నాలుగింటికీ, తాజాగా.

సంఖ్య చదువుకుని పైకొచ్చి రిజిస్టరు తిరగేసింది. నెల రోజుల్లో ఆ సంఖ్య ఏడుచోట్ల ఉంది. ఏడు వేర్వేరు బండ్లు, ఏడు వేర్వేరు యజమానులు, ఒకే పెట్టె. అచ్చు తీసిన కాగితంతో బయట కాచుకున్న ఈ బండి ఎనిమిదోది. అలవాటుగా దిగేముందే దాని సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టి ఇచ్చేసి ఉంది. యంత్రం పాసన్నాక ఒక్క క్షణం మిగుల్చుకుందామని ఈమధ్య చేస్తున్న పని.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. ఎనిమిది అబద్ధాలు, ఎనిమిదింటి కిందా తన సంతకం. సంఖ్యలు రాసింది, నిజమే. రాసింది గాని, ఒక్కనాడూ వెనక్కి తిప్పి చదవలేదు. మిగతా ప్రపంచం మీద పుట్టిన రోత ఆ పూట ముందుగా ఆమె మీదికే తిరిగింది.

*

వర్క్‌షాపులో తమ్ముడు బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"బయటికి రా."

"ఒక్క బోల్టుంది అక్కా..."

"రారా బయటికి!"

చక్రాల పలక మీద జారుతూ వచ్చాడు. ముఖాన గ్రీజు, పెదాల మీద నవ్వు.

"ఆ పెట్టెను ఎన్ని బండ్లకు తిప్పావు?"

"ఏ పెట్టె?"

"నా దగ్గర వేషాలెయ్యకు. తోమింది ఎవరో తెలీదు గాని బిగించింది నువ్వు."

అతను చేతులు తుడుచుకున్నాడు. దాచడం కుదరదని తెలిశాక, దాచకపోవడాన్నే మంచితనంగా చూపించే మనిషి. "ఎనిమిది. మావాళ్లు దానికి పేరు కూడా పెట్టారు తెలుసా? అద్దె అల్లుడు! తలంటి, ముస్తాబు చేసి, ఒక్క పూట కూర్చోబెట్టి, పని కాగానే సాగనంపడమే."

ఆమె నవ్వలేదు.

"మిగతా పది బండ్ల పెట్టెలూ ఏమయ్యాయి?"

"కోసేశాను. లోపలి లోహానికి గిరాకీ ఉంది. మళ్లీ కొత్తవి పెడదామన్నా కంపెనీ వాటిని చేయడం మానేసింది. నేనేం చెయ్యను?"

"కొయ్యడం మానేసి ఉండాల్సింది. ఎందుకు కోశావ్?"

"గాలి సాఫీగా పోతుంది కదా అక్కా. పవర్ పెరుగుతుంది."

"ఎంత?"

"అయిదారు గుర్రాల బలం."

"ఆ గుర్రాలెక్కి ఎక్కడి దాకా పోతార్రా మీరు? సిగ్నలు దాకానా?"

తమ్ముడి ముఖం ముడుచుకుంది. "నీకు అర్థం కాదులే. వచ్చే నెల రేసు ట్రాకు మాకు ఒక రోజు ఇస్తున్నారు. పదకొండింటికీ సర్టిఫికెట్టుంటేనే లోపలికి రానిస్తారు. ఇంకా మూడున్నాయి, అందులో నాదొకటి. మా అక్క చూసుకుంటుందని మాటిచ్చాను."

"నా సంతకం మీద నువ్వు మాటిచ్చావా?"

"యంత్రం పాసంది కదా! ఎవరికి నష్టమో చెప్పు."

"అడిగి ఉంటే తిట్టి పంపేదాన్ని. అడక్కుండా, నన్ను గుంతలో నిలబెట్టి, నా నెత్తి మీదే చేశావు చూడు..." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రేపు పదింటికి పదకొండు బండ్లూ తీసుకురమ్మను. రానివాళ్ల సర్టిఫికెట్టు ఆ రోజే రద్దవుతుంది."

కేంద్రం యజమాని గొడవంటే గిట్టని మనిషి. విషయం విని కణతలు నొక్కుకున్నాడు.

"చూడమ్మా, రీడింగు ఉందా? ఉంది. యంత్రం అబద్ధం చెప్పిందా? లేదు. మనం తలదూర్చడమెందుకు?"

"యంత్రం ముందు పెట్టిన బండి అబద్ధం సార్. ముప్ఫై రోజుల లోపు ధ్రువీకరించినవాళ్లే మళ్లీ పిలిచి చూడొచ్చు. రూలుంది."

"ఎక్కడ దొరికింది నీకా రూలు?"

"సర్టిఫికెట్టు వెనక. మీరే అచ్చేయించారు."

*

శుక్రవారం పదకొండు బండ్లూ వచ్చాయి. రాకేం? డాక్టరుగారి అక్కయ్య కదా, పైపైన చూసి వదిలేస్తుందనుకున్నారు. ఒక బండిని చూస్తుంటే మరో బండి వెనక సందులో కాచుకుంటుందనీ, తమ్ముడి చేతిలో ఆ పెట్టె విప్పి బిగించడం ఇరవై నిమిషాల పనేననీ వాళ్ల ధైర్యం. సందులో రెండు జాకీలు, పనిముట్ల పెట్టె సిద్ధంగా ఉన్నాయి.

"ముందు ఏ బండి తేమంటారు మేడమ్?" అన్నాడు పురాణం, చేతులు రుద్దుకుంటూ.

"అన్నీ. ఆవరణలో వరసగా పెట్టండి. ఇంజన్లు ఆపి తాళాలు ఈ బల్ల మీద పెట్టండి."

"తాళాలెందుకు?"

"బండ్లు అలిసిపోయుంటాయి. కాసేపు కదలకుండా ఉండనివ్వండి."

పదకొండు తాళాలు బల్ల మీదికి వచ్చాయి. ఒక్కో తాళానికీ ఒక్కో తోలు బొమ్మ, ఒక్కో వెండి బిళ్ల. తమ్ముడు తన తాళాన్ని అందరికంటే ఆలస్యంగా, ఆమె ముఖంలోకి చూస్తూ పెట్టాడు.

ఆమె చాప పరిచి, లైటు పట్టుకుని ఒక్కొక్క బండి కిందికీ దూరింది. పెట్టె తమ్ముడి బండికి ఉంది. మిగతా పదింటికీ ఆ చోట తిన్నని ఉక్కు గొట్టం. ఆ గొట్టాలను చూస్తూ ఆమె ఎక్కువసేపు పడుకుండిపోయింది. అంత అందమైన వెల్డింగును ఆమె ఏ ఫ్యాక్టరీ బండికీ చూడలేదు. పేట గుచ్చినట్టు, పూస పక్కన పూస. ప్రతి గొట్టం మీదా క్లబ్బు ముద్ర చెక్కి ఉంది. పొగను శుద్ధి చేసేదాన్ని కోసిపారేసి, ఆ గాయాన్ని ఇంత అందంగా కుట్టిన చేయి తను పెంచిన చేయి. ఆమె లైటు ఆర్పేసింది.

లేచి బట్టలు దులుపుకుంది. ఫ్యాక్టరీ బాబాయ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, పెద్దవాణ్ని చెబుతున్నా విను. మా ఫ్యాక్టరీలో పరీక్షకు పంపే బండి వేరు, షోరూముకు పోయే బండి వేరు. అందరికీ తెలుసు. ఎవరూ బయటికి చెప్పుకోరు. పరిశ్రమంటే అంతే."

"మీరు చెప్పారుగా ఇప్పుడు. రాసుకోమంటారా?"

బాబాయ్ అడుగు వెనక్కి వేశాడు. పురాణం మాత్రం తగ్గలేదు. "మేం తిరిగేది ఆదివారం ఆదివారం మేడమ్. ఎంత పొగొస్తుంది? చేతనైతే ముందు లారీలను పట్టుకోండి."

"లారీ వస్తే లారీ కిందికీ దూరతాను. ఇవాళ మీరొచ్చారు."

రద్దు పత్రాలు తీసి కూర్చుంది. ఒక్కో సర్టిఫికెట్టుకూ ఒక్కో పత్రం. "రద్దుకు కారణం" అన్న గడిలో రాయడానికి చట్టం రెండు దారులిచ్చింది: వాహన యజమాని మోసం, లేదా ధ్రువీకరించినవారి లోపం. కేంద్రం యజమాని ఆమె వెనక చేరి, "మోసం అని రాసి ఊరుకోమ్మా, నీ మీదికి తెచ్చుకోకు," అని గొణిగాడు. ఆమె రెండూ రాసింది. ఒకటి రాస్తే సగం నిజమవుతుంది. కింద ఇంకో గడి: "పరికరాన్ని అమర్చినవారు."

"అక్కా, అదొక్కటీ రాయకు." తమ్ముడి గొంతులో డాక్టరు లేడు. "షాపు మూయిస్తారు. నీ లైసెన్సూ పోతుంది. ఇద్దరం రోడ్డున పడతాం. ఎవరికోసం?"

ఆమె ఎనిమిదిసార్లు రాసింది. తమ్ముడి వర్క్‌షాపు పేరును అంత పొందికైన అక్షరాలతో అతను కూడా ఎప్పుడూ రాసి ఉండడు.

*

రెండు వారాల తర్వాత విచారణకు పిలిచారు. లైసెన్సుల అధికారి పెద్ద బల్ల వెనక, రిజిస్టరును వేలి కొనతో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఈ సంఖ్యలు రాయడానికి రిజిస్టరులో గడి లేదు. ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు."

"అంటే అనధికార నమోదు."

"అవునండీ. కావాలంటే అదీ నా మీద రాయండి. కానీ అవి నిజమా కాదా అన్నది చూడండి."

అతను నిట్టూర్చి ఒక కాగితం ముందుకు జరిపాడు. ముందే టైపు చేసి ఉంది. సంఖ్యలు అంచనాగా రాసినవనీ, ఎనిమిది రద్దు పత్రాలనూ వెనక్కి తీసుకుంటున్నాననీ. "చూడండమ్మా, సంతకం పెడితే మీ లైసెన్సు మీకుంటుంది. మీ తమ్ముడి షాపు జోలికి ఎవరూ పోరు. ఆ సర్టిఫికెట్లు అలాగే ఉంటాయి. నా బల్ల మీద ఒక ఫైలు తగ్గుతుంది. అందరికీ మంచిదే కదా?"

ఆమె ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివేకొద్దీ ముక్కుపుటాలు అదిరాయి. ఇంత శుభ్రమైన కాగితం మీద, ఇంత మంచి భాషలో, ఇంతమందికి మేలు చేసే అబద్ధాన్ని ఆమె ఇంతవరకూ చూడలేదు. తన పర్సులోంచి లైసెన్సు కార్డు తీసి దానిమీద పెట్టింది.

"ముందు ఇది తీసుకోండి సార్. ఇది దగ్గరున్న మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇది లేకపోతే నా సంతకానికి విలువే లేదు, అప్పుడు మీకూ పనికిరాదు."

అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. పెద్దగా ఆలోచించలేదు. కార్డు తీసుకుని, నిర్లక్ష్యానికి మూడు నెలలు, గడి లేనిచోట రాసినందుకు మరో మూడు నెలలు, మొత్తం ఆరు నెలల సస్పెన్షను రాసిచ్చాడు. వర్క్‌షాపుకు ఒక హెచ్చరిక లేఖ. బండ్లకు మరేదైనా కేంద్రంలో మళ్లీ పరీక్ష చేయించుకోవలసిందిగా సూచన. పదకొండు బండ్ల యజమానుల్లో ఎవరి పేరూ ఆ ఉత్తర్వులో లేదు. ఉన్న పేరు ఆమెదొక్కటే. ఆమె అక్కడే నిలబడి ఒక తెల్లకాగితం అడిగింది. ఉత్తర్వు మీద అప్పీలు రాసి, దానికి నకలు తీసి, అందినట్టు ముద్ర వేయించుకునిగాని కదల్లేదు. ముద్ర వేసే గుమాస్తా రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ఆఫీసు గేటు బయట తమ్ముడు బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమెను చూసి ముందుకొచ్చాడు. అతని కళ్లు వాచి ఉన్నాయి.

"ఎంతకాలం?"

"ఆరు నెలలు."

"నావల్లే కదా." నేల చూపులు చూశాడు. "పొద్దుటినుంచీ ఏమీ తినలేదు అక్కా. ఎక్కు, ఇంటి దగ్గర దింపుతాను."

ఆమెకు ఒక్క క్షణం ఎక్కాలనిపించింది. కాళ్లు లాగుతున్నాయి. తలుపు పిడి మీద చేయి కూడా వేసింది.

"పెట్టె దీనికే ఉందా?"

అతను బానెట్టు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. ఇంజను ఆపకుండానే ఉంచాడు. వెనక గొట్టంలోంచి వచ్చే వాసన ఆమెకు జవాబు చెప్పేసింది. పచ్చి పెట్రోలు, కళ్లు మండించే పొగ, వేడి ఇనుము.

"ఇవాళ పురాణం బండికి ఉంది," అన్నాడు చివరికి. "మధ్యాహ్నం అవతలి కేంద్రంలో అతని పరీక్ష."

ఆమె పిడి వదిలేసి, బస్సు స్టాపు వైపు నడిచింది. తమ్ముడు బండిని నెమ్మదిగా పక్కనే పోనిస్తూ, కిటికీలోంచి "అక్కా, అక్కా" అంటూ వచ్చాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడల్లా గొట్టం టపటపమంటోంది. స్టాపులో నిలబడ్డ జనం ముక్కులు మూసుకుని అటు తిరిగి చూశారు. బస్సు రాగానే ఆమె ఎక్కి, వెనక సీట్లో కూర్చుని, కిటికీ అద్దం పైదాకా లాగింది.